గోడ నుంచి ద్రవం దాకా: పారిశ్రామిక నిల్వ ట్యాంకుల భద్రతా చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
నేలపై నిర్మించే పారిశ్రామిక ద్రవ నిల్వ ట్యాంకుల భద్రతకు సంబంధించిన ఆలోచన గత నూరేళ్లలో ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బోస్టన్ (1919), ఫ్లోరెఫ్ (1988), విశాఖపట్నం (2020) దుర్ఘటనలను ఆధారంగా తీసుకొని, భద్రత అనే భావన ట్యాంకు గోడ నుంచి దాని పరిసరాలకు, అక్కడి నుంచి లోపలి ద్రవ స్వభావానికి విస్తరించిన క్రమాన్ని వివరించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: నిల్వ ట్యాంకు, నీటి పరీక్ష, చుట్టుకట్ట, మొలాసిస్, స్టైరీన్, పాలిమరీకరణం, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం

పారిశ్రామిక చరిత్రను యంత్రాల చరిత్రగానో, పెట్టుబడి చరిత్రగానో, కార్మికోద్యమాల చరిత్రగానో రాయడం పరిపాటి. ముడిసరుకును నిల్వచేసే ట్యాంకుకు ఆ చరిత్రల్లో చోటు తక్కువ. అది కదలదు, ఏదీ ఉత్పత్తి చేయదు. అందుచేత ప్రమాదం జరిగిన రోజున మాత్రమే అది వార్తలకెక్కుతుంది.

ద్రవాన్ని కట్టడిచేసే నిర్మాణాల గుణదోష విచారణ తెలుగునేలకు కొత్తది కాదు. విజయనగర రాకుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువును గురించిన 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను పేర్కొంది. కట్ట నుంచి నీరు ఊరడం ఆ దోషాలలో ఒకటి. అయితే చెరువులోని నీరు నిలకడగా ఉన్నంతకాలం తన స్వభావాన్ని మార్చుకోదు. కట్ట, తూము, అలుగు సరిగా ఉంటే చాలావరకు చెరువు క్షేమమే. పారిశ్రామిక ట్యాంకు విషయంలోనూ తొలితరం నిర్మాతలు ఇంచుమించు ఇలాగే ఆలోచించారు. వారి దృష్టి అంతా గోడమీదే నిలిచింది. ఆ గోడ విషయంలోనైనా అందరూ శ్రద్ధ వహించలేదని బోస్టన్ ఉదంతం తెలుపుతుంది.

2. బోస్టన్, 1919: గోడ

మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఆయుధాల తయారీకి పారిశ్రామిక ఆల్కహాలు అవసరం పెరిగింది. దానికి ముడిసరుకు మొలాసిస్. 1915లో బోస్టన్ నగరపు నార్త్ ఎండ్ ప్రాంతంలో ప్యూరిటీ డిస్టిల్లింగ్ కంపెనీ 50 అడుగుల ఎత్తు, 90 అడుగుల వ్యాసం కలిగిన ఉక్కు ట్యాంకును హడావుడిగా నిర్మించింది. పనిని పర్యవేక్షించిన ఆర్థర్ జెల్ ఆర్థిక వ్యవహారాలు చూసే ఉద్యోగి, ఇంజనీరు కాడు.

వర్తులాకారపు గోడలో కలిగే లాగుడు ద్రవం లోతు, సాంద్రత, ట్యాంకు వ్యాసం పెరిగేకొద్దీ పెరుగుతుంది; గోడ మందం పెరిగేకొద్దీ తగ్గుతుంది. అందువల్ల అడుగుభాగంలో గోడ అన్నిటికంటే మందంగా ఉండాలి. మొలాసిస్ సాంద్రత నీటికి దాదాపు 1.4 రెట్లు. కాబట్టి నిండా నీరు నింపి పరీక్షించినా ఈ గోడకు దాని అసలు భారం తెలిసేది కాదు. అయినా ఆ పరీక్ష కూడా జరగలేదు. 50 అడుగుల ట్యాంకులో 6 అంగుళాల నీరు మాత్రమే నింపి చూశారు. అంటే ఎత్తులో నూరింట ఒక వంతు.

ట్యాంకు మొదటినుంచీ కారుతూనే ఉంది. ఇరుగుపొరుగు పిల్లలు డబ్బాలు తెచ్చి కారిన మొలాసిస్‌ను పట్టుకెళ్లేవారు. కారుడు కనిపించకుండా కంపెనీ ట్యాంకుకు గోధుమరంగు వేయించింది. పోరుమామిళ్ల శాసనకర్త దోషంగా గుర్తించిన లక్షణాన్ని ఇక్కడ రంగుతో కప్పిపెట్టారు. 1919 జనవరి 15 మధ్యాహ్నం ట్యాంకు బద్దలై, సుమారు 23 లక్షల గ్యాలన్ల మొలాసిస్ వీధులను ముంచెత్తింది. 21 మంది మరణించారు, దాదాపు 150 మంది గాయపడ్డారు.

అరాచకవాదుల బాంబువల్లే ట్యాంకు కూలిందని కంపెనీ వాదించింది. ఏళ్ల తరబడి సాగిన విచారణ అనంతరం న్యాయస్థానం నియమించిన హ్యూ ఆగ్డెన్ 1925లో ఆ వాదాన్ని తోసిపుచ్చి, నిర్మాణలోపమే కారణమని తేల్చాడు. గోడ ఉండవలసినంత మందంగా లేదని, నాటి ఉక్కు పెళుసుదని తర్వాతి ఇంజనీర్ల విశ్లేషణలు కూడా చూపాయి. నిర్మాణ నమూనాలకు ఇంజనీరు లెక్కలను, సంతకాన్ని జతచేయాలనే నియమం బలపడటానికి ఈ దుర్ఘటన దోహదం చేసింది. గోడకు ఒక బాధ్యుడు ఉండాలన్నది దీని తొలి పాఠం.

3. ఫ్లోరెఫ్, 1988: పరిసరం

తర్వాతి దశాబ్దాల్లో రివెట్ల స్థానంలో వెల్డింగు వచ్చింది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణాలు ట్యాంకు నిర్మాణానికి ప్రామాణిక గ్రంథాలయ్యాయి. చమురు చిందితే ఆపడానికి ట్యాంకు చుట్టూ కట్ట కట్టడం ఆనవాయితీ అయింది.

1988 జనవరి 2న పెన్సిల్వేనియాలోని ఫ్లోరెఫ్ వద్ద ఆష్‌లాండ్ ఆయిల్ కంపెనీ డీజిల్ ట్యాంకు కూలినప్పుడు ఈ రెండు రక్షణలూ విఫలమయ్యాయి. అది 40 ఏళ్లకు పైబడిన ట్యాంకు. మరొకచోట విప్పి, తెచ్చి, ఇక్కడ మళ్లీ అమర్చారు. మళ్లీ అమర్చాక దాన్ని నిండా నీటితో పరీక్షించలేదు. ఉక్కు పలకలో పాతకాలపు చిన్న పగులు ఒకటి వెల్డింగు సమీపంలో మిగిలి ఉంది. మొదటిసారి నిండుతున్న వేళ, చలికి పెళుసెక్కిన ఉక్కులో ఆ పగులు ఒక్కసారిగా నిలువునా సాగింది. ఉప్పొంగిన డీజిల్ చుట్టుకట్టను దాటి మొనొంగహీలా నదిలో కలిసింది. దిగువన ఉన్న పట్టణాల తాగునీటి సరఫరా దెబ్బతిన్నది.

నీటి పరీక్ష విషయంలో బోస్టన్‌లో జరిగిన పొరపాటు 69 ఏళ్ల తరువాత ఇక్కడ పునరావృతమైంది. దీనికితోడు ఇక్కడ మరో విషయం బయటపడింది. చుట్టుకట్టను ట్యాంకులో పట్టే ద్రవ పరిమాణాన్నిబట్టి లెక్కిస్తారు. ఒక్కసారిగా కూలిన ట్యాంకు నుంచి వచ్చే అల ఉరవడి ఆ లెక్కలో లేదు. వాడుకలో ఉన్న ట్యాంకుల తనిఖీ, మరమ్మతు, పునర్నిర్మాణాలకు ఏపీఐ 653 అనే ప్రత్యేక ప్రమాణం 1991లో వెలువడింది. కట్టిననాటి బలమే కాక, వయసు మీరిన ట్యాంకు స్థితి కూడా భద్రతలో భాగమైంది.

4. విశాఖపట్నం, 2020: ద్రవం

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం గోపాలపట్నం సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఇక్కడ గోడ బద్దలు కాలేదు. చుట్టుకట్ట దాటి ద్రవం పారలేదు. ఎం-6 ట్యాంకు నిలబడే ఉంది.

స్టైరీన్ అణువులు తమంతట తాము ఒకదానితో ఒకటి గొలుసుకట్టుగా కలిసే స్వభావం కలవి. ఆ చర్యలో వేడి పుడుతుంది. ఆ వేడి చర్యను మరింత వేగవంతం చేస్తుంది. అందుకే ద్రవాన్ని చల్లగా ఉంచాలి. టీబీసీ అనే నిరోధకాన్ని కలపాలి. అది పనిచేయడానికి ద్రవంలో కొద్దిగా ప్రాణవాయువు కరిగి ఉండాలి. లాక్‌డౌన్ కారణంగా కర్మాగారం ఆగింది కాని, ట్యాంకులోని రసాయన చర్య ఆగలేదు.

రాష్ట్రప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జులైలో సమర్పించిన నివేదిక పలు లోపాలను నమోదుచేసింది. ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగున మాత్రమే కొలిచేవారు. పైభాగంలోని వేడి ఎవరికీ తెలియలేదు. 2019 డిసెంబరులో గొట్టాల అమరికను మార్చడంతో లోపలి ద్రవం పైనుంచి కిందికి సరిగా కలియలేదు. శీతలీకరణను రాత్రివేళ ఆపేసేవారు. నిరోధకం నిల్వలు లేవు. అపాయసూచకమైన సైరన్ మోగలేదు.

శీతలీకరణ లోపం మన దేశానికి కొత్త కాదు. 1984 డిసెంబరులో భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకులోకి నీరు చేరినప్పుడు కూడా దాని శీతలీకరణ యంత్రం నెలల ముందే ఆపివేసి ఉంది. ఆ దుర్ఘటన ఫలితంగా పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో, ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు 1989లో వచ్చాయి. 36 ఏళ్ల తరువాత విశాఖలో కొరవడింది నిబంధన కాదు. అడుగున ఉన్న ఒక ఉష్ణమాపకాన్నే నమ్మి, మొత్తం ద్రవం చల్లగా ఉందనుకోవడమే అక్కడి అసలు లోపం.

5. ముగింపు

ఈ మూడు ఉదంతాలను వరుసగా చూస్తే సురక్షితమైన ట్యాంకు అనే మాటకు అర్థం క్రమంగా విస్తరించిన తీరు స్పష్టమవుతుంది. బోస్టన్ గోడకు లెక్కను, ఫ్లోరెఫ్ పాత ఉక్కుకు తనిఖీని, విశాఖ ద్రవానికి నిరంతర పరిశీలనను కోరాయి. కొత్త పాఠం పాతదాన్ని రద్దు చేయలేదు. నేటి నిర్మాతకు మూడూ అవసరమే.

వీటన్నిటిలోనూ సమానంగా కనిపించే అంశం మరొకటుంది. ట్యాంకు పక్కన నివసించేవారికి దానిగురించి తెలిసింది అతి తక్కువ. బోస్టన్ పిల్లలకు అది తీపి ఊట. వెంకటాపురం వాసులకు అది ప్రహరీ వెనుక ఉన్న ఒక కట్టడం. ప్రమాదానికి గురయ్యే అవకాశమున్న ప్రజలకు దాని స్వభావాన్ని, పాటించవలసిన జాగ్రత్తలను ముందుగా తెలియజేయాలని 1989 నిబంధనలే చెబుతున్నాయి. ఆ సమాచారం ప్రజలు చదివే భాషలో, వారికి అర్థమయ్యే మాటల్లో అందినప్పుడే ఆ నిబంధన నెరవేరినట్లు. గాలి ఏ దిశ నుంచి వీస్తే ఎటు వెళ్లాలి, సైరన్ మోగితే ఏం చేయాలి అన్న సూచనలను సరళమైన తెలుగులో సిద్ధం చేయడం పరిశ్రమల శాఖకు మాత్రమే పరిమితమైన పని కాదు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు కూడా చేపట్టవలసిన భాషాకృషి అది.