సాలూరు వారి బిట్టు

శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడినప్పుడు సాలూరు తాలూకా అందులోనే ఉండేది. 1979 జూన్‌లో విజయనగరం జిల్లా వచ్చాక అటు పోయింది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. కాబట్టి ‘మల్లీశ్వరి’ విడుదలైన 1951లో గాని, ‘మిస్సమ్మ’ ఆడిన 1955లో గాని, ‘పూజాఫలం’ వచ్చిన 1964లో గాని సాలూరి రాజేశ్వరరావు గారి సొంతూరు మా జిల్లా లెక్కలోదే. సాలూరు దగ్గరి శివరామపురంలో 1922లో పుట్టిన ఆ మహానుభావుడు బతుకంతా మద్రాసులోనే గడిపి ఉండొచ్చు. పలాస, టెక్కలి, ఉద్దానం వీధుల్లో బ్యాండు వాయించి బతికిన మేం మాత్రం ఆయన్ని మా జిల్లా గురువుగానే చెప్పుకున్నాం, ఇప్పటికీ చెప్పుకుంటాం.

నాది క్లారినెట్టు. మీసాలు రాని వయసులో కాశీబుగ్గలో బ్యాండు పార్టీలో చేరాను. మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం ఒకవైపు. వజ్రపుకొత్తూరు, అక్కుపల్లి, బారువ సముద్రం వైపు. నందిగాం, టెక్కలి ఇంకోవైపు. ముహూర్తాలున్న నెలల్లో పెళ్ళిళ్ళు, తరవాత అమ్మవారి సంబరాలు. దొరల పటాలాల వెంట ఈ దేశం వచ్చిన వాయిద్యాలు జమీందార్ల కోటల్లోకి, అక్కడి నుంచి మా పెళ్ళి వీధుల్లోకి దిగాయి. ముందు వరసలో క్లారినెట్లు, వెనక ట్రంపెట్లు, యుఫోనియం, ఆ వెనక సైడు డ్రమ్ములు, పెద్ద డోలు. సముద్రపు గాలికి క్లారినెట్టు రీడు మెత్తబడిపోయేది. అందుకే జేబులో చిన్న అగ్గిపెట్టెలో ఇంకో రెండు రీడ్లు పెట్టుకుని తిరిగేవాణ్ణి.

మా మాస్టారు కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి పరీక్షించే పద్ధతి ఒకటుండేది. కుర్రాడు హుషారుగా పల్లవి అందుకునేవాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపేవారు. “పాటదేటుందిరా, అందరికీ వచ్చు. బిట్టు వాయించు, అప్పుడు చూద్దాం” అనేవారు. పల్లవికీ చరణానికీ నడుమ, పాడే గొంతు ఆగిన చోట వాద్యాలు అందుకుని నడిపించే భాగం బిట్టు. “బిట్టు తప్పితే పెళ్ళోరికి తెలిసిపోద్దిరా. పేరు చెప్పలేరు గాని తెలిసిపోద్ది” అని కూడా అనేవారు. నిజమే. ఊరేగింపులో నడిచే ముసలమ్మ కూడా బిట్టు సరిగ్గా పడితే తలాడిస్తుంది, లేకపోతే పక్కవాళ్ళతో మాటల్లో పడుతుంది. ఆ నడిమి భాగాన్ని తెలుగు సినిమాలో రాజేశ్వరరావు గారంత బాగా తీర్చినవారు ఇంకొకరు లేరని నా నమ్మకం.

రాజేశ్వరరావు గారి తండ్రి సన్యాసిరాజు గారు మృదంగం వాయించేవారు, ద్వారం వెంకటస్వామినాయుడు గారి కచేరీలకు పక్కవాద్యం పట్టినవారు. ఇంట్లోనే లయ పట్టుబడిన పిల్లవాడు చిన్నతనంలోనే గ్రామఫోను రికార్డులకు పాడాడు. 1935లో ‘శ్రీకృష్ణలీలలు’ సినిమాలో బాలకృష్ణుడి వేషం కట్టాడు. కంసుడు వేమూరి గగ్గయ్య గారు. ఆ తరవాతి సంవత్సరం ‘శశిరేఖా పరిణయం’లో అభిమన్యుడు. ఆ రోజుల్లోనే కలకత్తా వెళ్ళి కొంతకాలం ఉండిపోయాడు. మద్రాసు నుంచి కలకత్తా పోయే రైలుమార్గం మా పలాస మీదుగానే.

ఆయన కలకత్తా మకాం చిన్న సంగతి కాదు. న్యూ థియేటర్స్‌లో ఆర్.సి. బోరాల్, పంకజ్ మల్లిక్ వంటివారు అప్పటికే పాటకు వెనక పెద్ద వాద్యబృందాన్ని నిలబెడుతున్నారు. గాయకుడు ఏది పాడితే హార్మోనియం అదే వాయించడం అప్పటి మన నాటకాల అలవాటు. అక్కడ అలా కాదు. గొంతు ఒక దారి, వయొలిన్లు ఒక దారి, రెండూ కలిసేచోటు ముందే నిర్ణయం. రాజేశ్వరరావు గారు అది కళ్ళారా చూశారు, చెవులారా విన్నారు. సితార్, సుర్‌బహార్ నేర్చుకున్నారు. మాండలిన్, పియానో, హార్మోనియం, తబలా కూడా ఆయన చేతికి లొంగినవే. తానే వాయించగల మనిషి రాసిన బిట్టుకూ, వాయించడం రాని మనిషి రాసిన బిట్టుకూ తేడా వేళ్ళకు తెలుస్తుంది. ఆయన బిట్లలో ఊపిరి తీసుకునే చోటు ఎప్పుడూ ఉంటుంది. ఊదే వాయిద్యం వాళ్ళకు అంతకన్నా మర్యాద లేదు.

తరవాత జెమినీ. ఎస్.ఎస్. వాసన్ గారి ‘చంద్రలేఖ’ 1948లో వచ్చింది. సంగీతం రాజేశ్వరరావు గారు, ఎం.డి. పార్థసారథి గారు. అందులో పెద్ద పెద్ద ఢంకాల మీద వందలమంది ఆడే నాట్యం దేశమంతా పేరుకెక్కింది. మా డోలు వాయించే పెద్దాయన ఆ నాట్యం దరువును ఊరేగింపు మొదట్లో వాయించి జనాన్ని పోగుచేసేవారు. అది మొదలయ్యిందంటే వీధిలో పిల్లలు ఇళ్ళలో ఉండేవారు కాదు.

సినిమాలకు పక్కనే ఇంకో పని చేశారాయన. రావు బాలసరస్వతీదేవి గారితో కలిసి గ్రామఫోను మీదా రేడియోలోనూ లలితగీతాలు పాడారు. కచేరీ అంత బరువు లేకుండా, నాటకం పద్యమంత గట్టిగా కాకుండా, ఇంట్లో పని చేసుకుంటూ వినదగ్గ పాట ఒకటి తెలుగులో స్థిరపడటానికి ఆ జంట ముఖ్య కారణం. లలిత సంగీతానికి తరవాత బాలాంత్రపు రజనీకాంతరావు గారు, పాలగుమ్మి విశ్వనాథం గారు పెద్ద దిక్కయ్యారు. దారి వేసిన తొలివరసలో మాత్రం సాలూరు వారున్నారు.

వాద్యాలు కూర్చేవాళ్ళ సంగతి చెప్పడానికి 1951కి వస్తాను. ఆ ఏడాది లండన్‌లో మంతొవాని అనే ఆయన వాద్యబృందం ‘షర్మేన్’ అనే పాత పాటను కొత్తగా వాయించి రికార్డు చేసింది. వెనిస్‌లో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన మనిషి. వినడానికి హాయిగా ఉండే తేలిక సంగీతంలో ఆయన రికార్డులు లక్షల్లో అమ్ముడుపోయాయి. ఆ రికార్డులో వయొలిన్లు జలపాతంలా ఒకదాని మీద ఒకటి జారుతున్నట్టు వినిపిస్తాయి. ఆ ఉపాయం మంతొవానిది కాదు, ఆయన దగ్గర పనిచేసిన రోనల్డ్ బింజ్‌ది. వయొలిన్లను కొన్ని జట్లుగా విడదీసి, పాటలోని స్వరాలను జట్టుకొకటి చొప్పున పంచి, ఎవరి స్వరాన్ని వాళ్ళు కొంతసేపు వదలకుండా పట్టుకోమన్నాడు. పెద్ద చర్చిలో పాడితే స్వరం గోడలకు తగిలి ఇంకా మోగుతుండగానే తరవాతి స్వరం వచ్చి కలుస్తుంది కదా, ఆ మోతను కాగితం మీద రాశాడన్నమాట. లోకం మంతొవాని పేరు గుర్తుపెట్టుకుంది. బింజ్ పేరు సంగీతం పనిలో ఉన్నవాళ్ళకే తెలుసు.

అదే 1951లో మనకు ‘మల్లీశ్వరి’. బి.ఎన్. రెడ్డి గారి సినిమా. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు సినిమాకు పాటలు రాయడం దానితోనే మొదలు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. వాద్యాల కూర్పులో ఆయనకు అండగా నిలిచింది అద్దేపల్లి రామారావు గారు. ‘మల్లీశ్వరి’ పాటలు పాడుకోని తెలుగు ఇల్లు ఉందా? 1953లో చైనా భాషలో అక్షరాలు వేసి అక్కడ కూడా ఆడించారు. అంత పేరున్న సినిమాలో అద్దేపల్లి గారి పేరు ఎంతమందికి తెలుసు? రేడియోలో పాట వేసే ముందు సినిమా పేరు, రాసినవారు, సంగీతం కట్టినవారు, పాడినవారు అని వరసగా చెప్పేవారు. 1963లో విశాఖపట్నం కేంద్రం మొదలయ్యాక మా వైపు టీ దుకాణాల్లో ఆ మాటలు పొద్దున్నా సాయంత్రం వినిపించేవి. వాద్యాలు ఎవరు కూర్చారో మాత్రం నేను ఎన్నడూ వినలేదు.

ఆ సినిమాలో మేఘంతో కబురు పంపే పాటను బ్యాండు మీద ఎక్కించడం మాకు పెద్ద పరీక్ష. ఘంటసాల, భానుమతి గార్లు పాడిన రాగమాలిక అది: భీంపలాసీ, కాళింగడ, కీరవాణి, హంసానంది. భీంపలాసీ నుంచి కాళింగడకు వెళ్ళాలంటే స, మ, ప తప్ప మిగిలిన నాలుగు స్వరాలూ మారిపోవాలి. రి, ద కిందికి దిగాలి, గ, ని పైకెక్కాలి. క్లారినెట్టు మీద వేళ్ళ అమరికంతా ఒక్కసారిగా వేరైపోతుంది. వినేవాడికి మాత్రం తలుపు తీసుకుని పక్క గదిలోకి నడిచినంత సులువుగా ఉంటుంది. ఆ తలుపు బిట్టే. మా మాస్టారు చరణాలు పక్కనపెట్టి బిట్లొకటే రాత్రుళ్ళు సాధన చేయించేవారు. కాశీబుగ్గలో ఒక కొట్టు వెనక ఖాళీ స్థలంలో, జీడి బస్తాల మీద కూర్చుని. సితార్ వాయించినచోట స్వరాన్ని నాలికతో కొట్టి వెంటనే వదిలెయ్యమనేవారు. జారు వచ్చినచోట వేలు లేపకుండా పెదవి బిగువు సడలించి దించమనేవారు. “గట్టిగా ఊదితే బ్యాండవుద్ది, మెత్తగా ఊదితే పాటవుద్ది” అనేది ఆయన మాట.

పాట వరస ఒకరిది, వాద్యాల కూర్పు మరొకరిది కావచ్చునని తెలుగువాళ్ళందరికీ తెలిసిన సినిమాతోనే చెప్పొచ్చు. ‘మాయాబజార్’కు మొదట సంగీతం ఒప్పుకున్నది రాజేశ్వరరావు గారే. వెన్నెల్లో పడవ పాటతో సహా నాలుగు పాటలకు వరసలు కట్టి తప్పుకున్నారు. ఆ వరసలకు వాద్యాలు కూర్చి, రికార్డు చేయించి, మిగిలిన పాటలకు స్వయంగా వరసలు కట్టి ఘంటసాల గారు సినిమాను పూర్తిచేశారు. 1957లో అది విడుదలైంది. జనం దాన్ని ఘంటసాల గారి సంగీతంగా విన్నారు. నాకు ఇద్దరి మీదా సమానమైన భక్తి ఉంది. ఆ పడవ పాట వాయించినప్పుడల్లా పల్లవి ఒక మహానుభావుడిది, బిట్టు మరొక మహానుభావుడిది అని తలుచుకునే వాయించాను.

‘మిస్సమ్మ’ పాటలు బ్యాండుకు కాస్త సులువు. బృందావనం పాట వరస ఎంత అందంగా కుదిరిందంటే 1957లో ఆ సినిమాను హిందీలో తీసినప్పుడు హేమంత్ కుమార్ గారు ఆ వరసను అలాగే ఉంచుకున్నారు. శుద్ధ సావేరి, ఐదే స్వరాలు. కుర్రాళ్ళకు మొదట నేర్పేది అదే.

‘పూజాఫలం’లో జమున గారు పియానో ముందు కూర్చునే పాట అలా కాదు. ఎస్. జానకి గారు పాడారు. హిందోళం, అదీ ఐదు స్వరాలే, రి లేదు, ప లేదు. కష్టమంతా పియానో బిట్టుతోనే. నడివీధిలో పియానో ఎక్కణ్ణుంచి తెస్తాం? మా మాస్టారు ముగ్గురు క్లారినెట్టు వాళ్ళను పక్కపక్కన నిలబెట్టి స్వరాలు వంతులవారీగా పంచారు. ఒకడు తన స్వరం పట్టుకుని ఉండగానే రెండోవాడు తనది అందుకోవాలి, ఆ పైన మూడోవాడు. టెక్కలిలో ఒక పెళ్ళి ఊరేగింపులో మొదటిసారి వాయించినప్పుడు పెట్రోమాక్సు దీపాలు మోసేవాళ్ళు కూడా నడక ఆపేశారు. లండన్‌లో బింజ్ చేసిన పని సంగతి నేను చాలా ఏళ్ళ తరవాత చదివాను. మా మాస్టారికి ఆ పేరు తెలియదు. చేసింది అదే పని. ఆయన పేరు ఏ రికార్డు మీదా లేదు.

1979లో ఆంధ్ర విశ్వవిద్యాలయం రాజేశ్వరరావు గారికి కళాప్రపూర్ణ ఇచ్చింది. ఆయన అన్న హనుమంతరావు గారు తెలుగు, కన్నడ సినిమాలకు సంగీతం చేశారు. కొడుకుల్లో రామలింగేశ్వరరావు పియానో, పూర్ణచంద్రరావు గిటారు పట్టారు. కోటి గారు సంగీత దర్శకుడిగా ఈ తరానికి తెలిసినవారే. 1999 అక్టోబరు చివరి వారంలో రాజేశ్వరరావు గారు పోయారు. అదే వారం పెనుతుపాను ఒరిస్సాను ముంచేసింది. మా వైపు అందరి చెవులూ తుపాను కబురు మీదే. ఆయన పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ వారం మేమెవ్వరం ఆయన పాట వాయించి నివాళి ఇవ్వలేకపోయాం. ఆ బాధ ఇంకా ఉంది.

ఇప్పుడు ఊరేగింపుల్లో డీజే బండ్లు నడుస్తున్నాయి. కీబోర్డు ఒక్కటుంటే వయొలిన్లు, సితారు, పియానో అన్నీ అందులోనే పలుకుతాయి. కుర్రాళ్ళు దాన్ని నేర్చుకోవడం తప్పని నేననను. సాలూరు వారు కూడా కొత్త వాయిద్యం కనపడితే వదిలినవారు కాదు. కాని పాట మధ్యలో కోసి ఇంకో పాటకు అతికించే పద్ధతి ఒకటి వచ్చింది. ఎప్పుడూ కోత పడేది బిట్టు మీదే. పల్లవి, పల్లవి, పల్లవి. అలా వింటూ పెరిగిన పిల్లలకు ‘మల్లీశ్వరి’ సగమే అందుతుంది.

పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా ఇంకా కొన్ని బ్యాండు పార్టీలు ఉన్నాయి. మీ ఇంట్లో శుభకార్యానికి వాళ్ళను పిలవండి. సాలూరు వారి పాట ఒకటి అడగండి. అడిగాక, పల్లవి అవ్వగానే నోటు చూపించి పాట మార్చమనకండి. బిట్టు అయ్యేదాకా నిలబడి వినండి. అయ్యాక, ఆ బిట్టు కూర్చిన మాస్టారు ఎవరో వాళ్ళను పేరు అడగండి.