పని ఆమెది, పద్దు ఎవరిది?

పాలమూరు ఆడవాళ్లకు ఆత్మవిశ్వాసం నేర్పిస్తామని బయల్దేరే శిక్షణ తరగతులకు ఇప్పుడు కొదవ లేదు. మండల కేంద్రంలో ఒక ఫంక్షన్ హాలు, ఫ్లెక్సీ, మైకు, మధ్యాహ్నం పులిహోర. లోపల ఎక్కడో ఎండిపోయిన చెలమలో నాలుగు మంచిమాటలు పోస్తే ధైర్యం ఊరుతుందని వక్తల నమ్మకం. కింద కూర్చున్నవాళ్లేమో కోడికూతకు లేచి ఇంటి పనీ చేని పనీ ముగించుకుని వచ్చినవాళ్లు. పాలమూరు అని పిలుచుకునే పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల చరిత్రను ఎంత వెనక్కి తిరగేసినా ఇక్కడి ఆడవాళ్లకు పని లేని రోజు గానీ పనితనానికి లోటు గానీ కనబడదు. ఆ పని ఏ పద్దులోకి ఎక్కింది, ఎవరి పేరున ఎక్కింది అన్నచోటే చిక్కంతా.

పైమెట్టు నుంచే మొదలుపెడదాం. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో సోమనాద్రి కట్టించిన గద్వాల కోటకు రాణుల ఏలుబడి కొత్త కాదు. పాలకుల వరుసలో లింగమ్మ పేరు పాతకాలంలోనే ఉంది. చివరి పాలకురాలు ఆదిలక్ష్మి దేవమ్మ. భర్త సీతారామ భూపాలుడు 1924లో పోయాక నిజాం సర్కారు పెత్తనాన్ని తట్టుకుని సంస్థానాన్ని నిలుపుకుంది, సంస్థానాలు పోయేదాకా ఏలింది. కవులనూ పండితులనూ ఆదరించి ‘విద్వద్గద్వాల’ అన్న పేరు చెడనివ్వలేదు. గద్వాల ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఇవాళ ఉన్నది ఆమె పేరే. వనపర్తిలోనూ 19వ శతాబ్దంలో రాణి శంకరమ్మ భర్త తదనంతరం వ్యవహారాలు నడిపింది. అయితే ఈ రాణులందరి చేతికీ రాజముద్ర వచ్చింది భర్త పోయాకే. ఏలే తెలివి ముందు లేక కాదు, అడిగినవాళ్లు లేక.

అదే గద్వాలలో, కోటగోడకు కూతవేటు దూరంలో, మగ్గాల ఇళ్లు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచులూ కొంగూ పట్టు. ఒళ్లు నేయడానికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు. పేక వేసిన ప్రతిసారీ నూలు పోగూ పట్టు పోగూ ఒకదాన్నొకటి పెనవేసుకోవాలి. కొంగు దగ్గరికి వచ్చేసరికి అసలు పరీక్ష. అక్కడ నూలు పడుగును ఆపి పట్టు పడుగును అతకాలి. వేలాది పోగులు. ఒక్కొక్క నూలు పోగునూ దాని జత పట్టు పోగునూ పట్టుకుని, వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, మెలిపెట్టి కలపాలి. ఒక్కటి తప్పినా కొంగులో గీత పడుతుంది. మెడ వంచి గంటల తరబడి ఈ అతుకు పని చేసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. రాట్నం మీద కండెలు చుట్టేదీ, నూలుకు గంజి పెట్టేదీ, అంచు దగ్గర రెండో మనిషిగా సాయం కూర్చునేదీ వాళ్లే. మజూరి మాత్రం మగ్గానికి లెక్క. మాస్టర్ వీవర్ ఇచ్చే డబ్బు మగ్గం గుంటలో కూర్చున్న మగమనిషి చేతికి వెళ్తుంది. 2010లో గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఊరి పేరుకు చట్టం కాపలా దొరికింది. కండె చుట్టిన చేతికి ఆ గుర్తింపు ఏ మేరకు చేరిందన్నది ఇంకా అడగాల్సిన ప్రశ్నే. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలోని చేనేత కార్మికుల్లో 72 శాతం ఆడవాళ్లు. ఈశాన్య రాష్ట్రాల ఇళ్లలోని మగ్గాల వల్ల ఆ అంకె అంత పెద్దదైంది, నిజమే. అయినా ‘నేతగాడు’ అనగానే మన కళ్లముందు మగమనిషే మెదలడం ఆలోచించాల్సిన సంగతి.

చదువు సంగతికి వస్తే నిజాం కాలంలో ఆడపిల్లకు తెలుగు బడే అరుదు. మాడపాటి హనుమంతరావు ప్రభృతుల పూనికతో 1928లో హైదరాబాద్ నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పుట్టింది. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు దాని పక్కనే మహిళా సభ కూడా జరిగింది, అధ్యక్షురాలు నడింపల్లి సుందరమ్మ. 1936లో ఈ సభలు పాలమూరు గడప తొక్కి షాద్‌నగర్ దాకా వచ్చాయి. బాల్యవివాహాలు, వితంతు వివాహం, స్త్రీవిద్య, పరదా వంటివి ఆ వేదికల మీద చర్చకు వచ్చాయి. వెళ్లినవాళ్లు ఎక్కువగా చదువుకున్న కుటుంబాల వాళ్లు, తట్ట మోసే ఆడమనిషి ఆ పందిట్లో లేదు. అందుకని ఆ సభలను తీసిపారేయలేం. ఆడవాళ్లు నలుగురిలో నిలబడి తీర్మానం చదవవచ్చునన్న సంగతి ఈ నేల మీద అప్పుడే రుజువైంది.

ఆ తరం నుంచి వచ్చి వనపర్తిని చట్టసభకు కలిపిన మనిషి కుముదినీ దేవి. వనపర్తి రాజకుటుంబపు కోడలు. 1958లో కూకట్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం నెలకొల్పింది. 1962లో హైదరాబాద్ తొలి మహిళా మేయర్ అయింది. వనపర్తి నుంచి శాసనసభ్యురాలిగా కూడా పనిచేసింది. కుష్ఠు అంటే ఊరి పొలిమేర దాటించే రోజుల్లో రాణివాసపు మనిషి ఆ రోగుల మధ్యకు వెళ్లడం చిన్న సంగతి కాదు. మేయర్ పదవి కన్నా నేను దాన్నే పెద్దదిగా లెక్కిస్తాను. వనపర్తి రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ తెరిచారు. రాజుల మేడ చదువుల బడి అయిన ఆ మార్పు తర్వాతి తరాల ఆడపిల్లలకూ అక్కరకొచ్చింది.

ఇదంతా గడీల, మేడల కథ. వానలు లేని పాలమూరు అసలు కథ రోడ్ల మీద నడిచింది. నాగార్జునసాగర్ మొదలుకొని దేశంలోని పెద్దపెద్ద ప్రాజెక్టుల మట్టిపనికి ‘పాలమూరు లేబర్’ పేరు మోగిపోయింది. గుంపు మేస్త్రీకి కావలసింది ఒక్క మగమనిషి కాదు, జంట. ఆయన గడ్డపారతో తవ్వితే ఆమె తట్ట ఎత్తాలి. అడ్వాన్సు ఆయన చేతికి, కట్టుబాటు ఇద్దరికీ. ముసలివాళ్ల దగ్గర పిల్లల్ని వదిలి, చంకలో పాలుతాగే బిడ్డతో, గుడారాల్లో బతికిన ఆ ఆడవాళ్లు ఎన్ని ఆనకట్టలకు మట్టి మోశారో ఏ శిలాఫలకం మీదా ఉండదు. కష్టాన్ని ఓర్చుకోవడం గురించి వాళ్లకు పాఠం చెప్పగలిగినవాళ్లు ఎవరున్నారు? నల్లమలలో మాత్రం కథ కాస్త వేరు. 1940 ప్రాంతంలో అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య గడిపి 1943లో పుస్తకం ప్రచురించిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ చెంచు స్త్రీకి ఇంటా అడవిలోనూ ఉన్న స్వేచ్ఛను ప్రత్యేకంగా గమనించాడు. గడ్డలు తవ్వి తెచ్చే మనిషి మాటకు ఆ గూడెంలో విలువుండేది. ఆ విలువను మైదానపు వడ్డీ వ్యాపారమూ అడవి చట్టాలూ తర్వాత తగ్గించాయి.

1980ల తర్వాత నడిగడ్డలో ఇంకో పని వచ్చిపడింది, అదీ ఆడపిల్లల మీద. హైబ్రిడ్ పత్తి విత్తనం. గద్వాల, అయిజ, ధరూర్, మల్దకల్, గట్టు వైపు నేలలు దీనికి అనువుగా కుదిరాయి. సాయంత్రం పూట, మర్నాడు విచ్చబోయే మొగ్గను పట్టుకుని, బొటనవేలి గోటితో రేకులనూ పుప్పొడి తొడిమలనూ గిల్లి తీయాలి, నడిమి కీలం చెదరకూడదు. పొద్దున్నే మగ వరుసలోంచి పువ్వు కోసుకొచ్చి దానికి రాయాలి. దీన్నే ఊళ్లో ‘క్రాసింగ్’ అంటారు. వానాకాలం నుంచి రెండు మూడు నెలలు రోజూ ఇదే. చిన్న వేళ్లయితే సున్నితంగా చేస్తాయి, చెట్టు ఎత్తుకు సరిపోతారు అన్న సాకుతో పదేళ్ల పిల్లల్ని బడి మాన్పించి చేలకు తోలారు. సీజన్‌కు ముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు, కూలి పెద్దవాళ్ల కన్నా తక్కువ, మీద పురుగుమందు గాలి. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉండేవాడు. అందువల్ల ఆ పిల్ల ఎవరి కూలీ అంటే ఎవరూ తమదని చెప్పని పరిస్థితి. ఎంవీ ఫౌండేషన్ లాంటి సంస్థలు, పరిశోధకులు, పత్రికలు గోల పెట్టాక 2000 తర్వాత ఇది మెల్లగా తగ్గుముఖం పట్టింది. 2011 జనాభా లెక్కలను కొత్త జిల్లాలకు విడదీసినప్పుడు జోగులాంబ గద్వాల అక్షరాస్యత 50 శాతానికి అటూ ఇటూగా తేలింది, రాష్ట్రంలో అట్టడుగు. ఆడవాళ్లలో అది 40 శాతం దరిదాపునే ఆగింది. ఆ అంకెలో పత్తి పూల వాటా ఎంతో ఊహించుకోవచ్చు.

పద్దు మారడం మొదలైంది 1993లో. కేంద్రం 1988లో ప్రారంభించిన మహిళా సమాఖ్య కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలతో అడుగుపెట్టింది. దాని పద్ధతి విచిత్రం. అప్పు ఇవ్వదు, బర్రె ఇవ్వదు, ఇల్లు ఇవ్వదు. రాత్రి పనులయ్యాక ఆడవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి, అంతే. ఏమీ ఇవ్వని సర్కారు మనిషి కోసం ఎవరు కూర్చుంటారు? కొన్నాళ్లు ఎవరూ కూర్చోలేదు కూడా. తర్వాత బాల్యవివాహం, జోగిని దురాచారం, కనీస కూలి, రేషన్ దుకాణం వంటి విషయాలన్నీ ఆ కూర్చున్నచోటికే వచ్చాయి. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ 1988లోనే చట్టం వచ్చినా దాన్ని ఊరి గుడి ముందు నిలబడి అమలు చేయించడానికి ఇలాంటి సంఘాలే కావలసి వచ్చాయి. ఈ చరిత్ర మొత్తంలో ఆత్మవిశ్వాసం అన్న మాటకు నిజంగా తగిన ప్రయోగం ఇదేనని నా అభిప్రాయం. డబ్బు ఆశ లేకుండా నలుగురు కలిసి నిలబడటం ముందు అలవాటైంది కాబట్టే తర్వాత డబ్బు వచ్చినప్పుడు లెక్క అడగగలిగారు.

డబ్బు తర్వాత వచ్చింది. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి సాయంతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో నడిచింది. 2000లో ప్రపంచబ్యాంకు అప్పుతో ‘వెలుగు’ మొదలైనప్పుడు తొలి ఆరు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పది పదిహేను మందికి ఒక సంఘం, ఊరికి గ్రామ సమాఖ్య (వీఓ), ఆ పైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ వచ్చి ఆడామగా తేడా లేని కూలిని చట్టంగా నిలబెట్టింది. పోస్టాఫీసు పాస్‌బుక్కు మీద తన పేరు తొలిసారి చూసుకున్న ఆడవాళ్లు ఈ జిల్లాల్లో ఎంతమందో.

చీకటి మలుపూ ఉంది. సంఘాలున్న చోటికే సూక్ష్మరుణ కంపెనీలు దిగి, సంఘం పరువునే తాకట్టుగా వాడుకుని వారం వారం వసూళ్లు మొదలుపెట్టాయి. ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్లు ఆమె గుమ్మం ముందు కూర్చోవాలి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చాక గానీ ఆ ఒత్తిడి తగ్గలేదు. ఐక్యతను అప్పుకు వాడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

సంఘం మనిషి ఎంత దూరం వచ్చిందో చూడాలంటే సమావేశపు గది కన్నా వడ్ల కొనుగోలు కేంద్రం మంచిచోటు. జూరాల ప్రాజెక్టు నీళ్లతో, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లతో ఈ మూడు జిల్లాల్లో వరి పెరిగింది, వలస తగ్గింది. వడ్లు కొనే పనిలో కొంత భాగం మహిళా సంఘాల చేతికి వచ్చింది. కల్లంలో కుప్పలు, టార్పాలిన్లు, కాంటా, గన్నీ సంచులు. సంఘం మనిషి గుప్పెడు వడ్లు తేమ యంత్రంలో పోస్తుంది. 17 శాతం దాటితే కొనడానికి వీల్లేదు. ఎదురుగా నిలబడ్డది పదెకరాల ఆసామి, నిన్నమొన్నటి దాకా ఆమె ఆయన పొలంలో నాట్లేసిన మనిషి. ‘ఇంకో రోజు ఆరబోయాలె పటేలా’ అని ఆమె చెప్పాలి. ఆయన గొణుగుతాడు, పైరవీ చేస్తాడు, చివరికి ఆరబోస్తాడు. ఏ వ్యక్తిత్వ వికాస ఉపన్యాసమూ ఇంత పని చేయలేదు. ఆమె గొంతుకు అంత బలమిచ్చింది చేతిలో ఉన్న యంత్రం, రిజిస్టరులో ఉన్న ఆమె సంతకం.

2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి. కలెక్టరేటు, కాలేజీలు దగ్గరికొచ్చాయి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో, 2024లో గద్వాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వనపర్తికి బీసీ గురుకులాల కింద మహిళా వ్యవసాయ డిగ్రీ కళాశాల వచ్చింది. 2004 నుంచి నడుస్తున్న కస్తూర్బా విద్యాలయాల హాస్టళ్లలో పెరిగిన పిల్లలు ఇప్పుడు నర్సింగుకూ డిగ్రీకీ వెళ్తున్నారు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమై ఆర్టీసీ బస్సు టికెట్ కూడా అడ్డం కావడం లేదు. చట్టసభకు డీకే అరుణ గద్వాల నుంచి మూడుసార్లు గెలిచారు, మంత్రిగా కూడా పనిచేశారు. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. అయినా చాలా ఊళ్లలో ‘సర్పంచ్ సాబ్’ అంటే ఇప్పటికీ ఆమె భర్తే. కుర్చీ మీద పేరు ఆమెది, కూర్చునేది ఆయన.

అన్నిటికన్నా మొండిగా నిలిచింది భూమి పద్దు. తండ్రి ఆస్తిలో కూతురికి సమాన వాటా అని ఉమ్మడి రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, దేశం ఆ పని 2005లో చేసింది. 2014లో భూమిలేని దళిత కుటుంబాలకు మూడెకరాలు ఆడవాళ్ల పేరునే ఇస్తామన్న పథకం వచ్చి, కొందరికి అంది, చాలామందికి అందక ఆగిపోయింది. 2018 మేలో మొదలైన రైతుబంధు డబ్బు పట్టాదారు ఖాతాకు చేరింది. నాటు వేసి, కలుపు తీసి, క్రాసింగ్ చేసిన మనిషికి పట్టా లేకపోతే ఆ లెక్కలో ఆమె రైతు కాదు. గద్వాల చేలల్లో విత్తన ఒప్పందం కాగితం మీద సంతకం ఇప్పటికీ ఎక్కువగా తండ్రిది, భర్తది. వ్యవసాయ కళాశాలలో చదివే అమ్మాయికి మొక్కల ప్రజననం పాఠంలో చెప్పే పని, ఆమె తల్లి పదేళ్ల వయసులో గోటితో చేసిన పనే. కూతురు పట్టా పుచ్చుకుని ఊరికొచ్చినప్పుడు ఆ ఒప్పందం మీద ఎవరు సంతకం పెడతారన్నది వచ్చే పదేళ్లలో తేలాలి.