లైసెన్స్ తుపాకీ ఇంట్లో ఉందా? అటక మీద కాదు.. తాళంలో ఉండాలి! ఖమ్మం-భద్రాచలం అటవీ పల్లెల్లో తక్కువ ఖర్చుతో భద్రపరిచే పద్ధతులివే

అడవి అంచు ఊళ్లలో కొన్ని ఇళ్లలో తాతల కాలం నాటి సింగిల్ బ్యారెల్ తుపాకీ ఇప్పటికీ ఉంటుంది. లైసెన్స్ కూడా ఉంటుంది. కానీ తుపాకీ ఎక్కడ ఉంటుంది? అటక మీదో, మంచం కిందో, బీరువా వెనకాలో! "మా ఇంట్లో ఎవరు ముట్టుకుంటారులే" అన్న ధీమా. అసలు ప్రమాదం ఆ ధీమాతోనే మొదలవుతుంది. పిల్లల చేతికి చిక్కినా, గొడవలో కోపం మీద ఎవరైనా అందుకున్నా, దొంగ ఎత్తుకుపోయినా.. జవాబు చెప్పాల్సింది లైసెన్స్ ఉన్న మనిషే.

మరి వేలకు వేలు పోసి సేఫ్ కొనాలా? అక్కర్లేదు. ఊళ్లో వెల్డింగ్ షాపు, ఇంట్లో ఉన్న బీరువా, రెండు మంచి తాళాలతోనే చాలావరకు పని అయిపోతుంది. ఎలాగో చూద్దాం.

చట్టం ఏం చెబుతోంది?

దేశంలో తుపాకులకు సంబంధించి 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నిబంధనలు అమల్లో ఉన్నాయి. లైసెన్స్ ఇచ్చేది జిల్లా మెజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్, కమిషనరేట్ పరిధిలో అయితే పోలీస్ కమిషనర్. దరఖాస్తు పెట్టేటప్పుడే తుపాకీని సురక్షితంగా వాడతానని, భద్రంగా దాస్తానని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. అంటే తాళం వేయడం మన ఇష్టం కాదు, మనం సంతకం పెట్టి ఒప్పుకున్న మాట.

2019 సవరణతో ఒక్కరి దగ్గర ఉండాల్సిన తుపాకుల గరిష్ఠ సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. పంట రక్షణకు మందు కూరి పేల్చే పాతరకం తుపాకీకి లైసెన్స్ ఇచ్చే వీలు కూడా చట్టంలో ఉంది.

ఒక విషయం మాత్రం క్లియర్. లైసెన్స్ లేని నాటు తుపాకీకి ఈ స్టోరీలో చెప్పే ఏ పెట్టే రక్షణ ఇవ్వదు. దాన్ని ఎంత భద్రంగా దాచినా నేరమే. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకుంటే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు, జరిమానా.

కిన్నెరసాని పరిధిలో ఉన్నారా? ఇది తప్పక చదవండి

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పాల్వంచ దగ్గర కిన్నెరసాని వన్యప్రాణి అభయారణ్యం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో గానీ, దానికి 10 కిలోమీటర్ల లోపు గానీ నివసిస్తూ ఆయుధ లైసెన్స్ ఉన్నవాళ్లు అటవీ శాఖ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్స్ ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు అంగీకారం కావాలి. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్లడం కూడా నిషేధం. చేను దగ్గరే కదా అని భుజాన వేసుకుని దగ్గరి దారిన అడవిలోంచి నడిస్తే కేసు అయ్యే ప్రమాదం ఉంది. పంట మీద అడవి పంది పడిందని, లైసెన్స్ ఉంది కదా అని సొంత నిర్ణయంతో కాల్చడం కూడా కుదరదు. దానికి వేరే అనుమతి ఉండాల్సిందే.

ముందు మూడు రూల్స్.. తర్వాతే పెట్టె

1. ఇంట్లో ఉన్న తుపాకీలో తూటా ఉండకూడదు. లోపల పెట్టే ముందు ప్రతిసారీ తెరిచి, కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి.

2. తుపాకీ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో ఉండాలి. రెండూ ఒకే పెట్టెలో పెడితే ఒక్క తాళం పోయినా మొత్తం పోయినట్టే.

3. లైసెన్స్ ఎవరి పేరు మీద ఉందో తాళం చెవి వాళ్ల దగ్గరే ఉండాలి. దేవుడి పటం వెనక, గడప మీద, బియ్యం డబ్బాలో దాస్తే పెద్దవాళ్ల కంటే ముందు పిల్లలకే తెలుస్తుంది.

జపాన్‌లో తుపాకీని, తూటాలను వేర్వేరు లాకర్లలో పెట్టడం తప్పనిసరి. బ్రిటన్‌లో పోలీసులు ఇంటికొచ్చి తుపాకీ ఎక్కడ పెడతారో చూశాకే సర్టిఫికెట్ ఇస్తారు. ఆ దేశాలు చట్టం పెట్టి చేయిస్తున్న పనిని మనం రెండు తాళాలతో చేసుకోవచ్చు.

తక్కువ ఖర్చు నుంచి ఎక్కువ ఖర్చు దాకా.. ఏది ఎంత పనికొస్తుంది?

ట్రిగ్గర్ లాక్, కేబుల్ లాక్: అన్నిటికంటే చవక. ట్రిగ్గర్ లాక్ ట్రిగ్గర్‌ను మూసేస్తుంది. కేబుల్ లాక్ తీగను తూటా పెట్టే చోట నుంచి దూర్చి తాళం వేస్తే తుపాకీ మూసుకోదు, పేలదు. పిల్లల నుంచి కాపాడతాయి కానీ దొంగ నుంచి కాదు. తుపాకీని తాళంతో సహా ఎత్తుకుపోవచ్చు. ఇంకో జాగ్రత్త.. తూటా ఉన్న తుపాకీకి ట్రిగ్గర్ లాక్ ఎప్పుడూ బిగించకూడదు.

విడదీసి దాచడం: దీనికి పైసా ఖర్చు లేదు. మధ్యకు విరిచి తూటా పెట్టే సింగిల్, డబుల్ బ్యారెల్ తుపాకుల్లో చాలావాటిని సులువుగా రెండు ముక్కలు చేయొచ్చు. గొట్టం ఒక తాళంలో, కర్ర భాగం ఇంకో తాళంలో పెడితే ఏ ఒక్కటి దొరికినా పనికిరాదు. అలా విడదీస్తే చిన్న పెట్టె కూడా సరిపోతుంది.

ఇంట్లో బీరువా: బీరువాలోని చిన్న లాకర్‌లో పొడవు తుపాకీ పట్టదు. చీరలు వేలాడదీసే పొడుగు అరలో నిలబెట్టి, కేబుల్‌తో లోపలి కమ్మీకి కట్టేయాలి. తూటాలు చిన్న లాకర్‌లో పెట్టాలి. కానీ రోజుకు పదిసార్లు తెరిచే బీరువా అయితే ఈ పద్ధతి వద్దు. ఇంట్లో అందరి దగ్గరా దాని తాళం చెవి ఉంటుంది.

వెల్డింగ్ షాపు పెట్టె: అటవీ పల్లెలకు ఇదే బెస్ట్ ఆప్షన్. 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందం ఇనుప రేకుతో చేయించుకోవచ్చు. డబుల్ బ్యారెల్ తుపాకీ దాదాపు నాలుగు అడుగులు ఉంటుంది. కాబట్టి ఆర్డర్ ఇచ్చే ముందు మీ తుపాకీని కొలిచి, లోపలి పొడవు మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ చెప్పాలి. కీళ్లు లోపలి వైపు ఉండాలి. బయట వేలాడే తాళం కంటే లోపల అమర్చే తాళం మంచిది, కట్టర్‌తో కోయడం కష్టం. వెనక వైపు, అడుగున నాలుగు బోల్టు రంధ్రాలు పెట్టించడం మర్చిపోవద్దు.

డిజిటల్ సేఫ్: పిస్టల్, రివాల్వర్‌కు సౌకర్యం. కంపెనీ ఇచ్చిన కోడ్‌ను మొదటి రోజే మార్చాలి. బ్యాటరీ అయిపోతే తెరిచే అత్యవసర తాళం చెవిని సేఫ్ లోపలే పెట్టి మూసేయొద్దు. కొత్త కోడ్‌గా పుట్టిన తేదీ, బండి నంబర్ పెడితే ఇంట్లో వాళ్లు రెండు నిమిషాల్లో కనిపెడతారు.

గోడ మట్టిదైతే ఏం చేయాలి?

బిగించని పెట్టె ఎంత బరువైనా ఇద్దరు మనుషులు మోసుకుపోతారు. ఇటుక, కాంక్రీట్ గోడకు అయితే యాంకర్ బోల్టులు లోపలి నుంచి బిగించొచ్చు. కానీ మట్టి గోడ, తడక గోడ బోల్టును పట్టుకోదు. అలాంటి ఇంట్లో నేల మీద చిన్న కాంక్రీట్ దిమ్మె పోసి, అది గట్టిపడ్డాక పెట్టెను దానికి బిగించాలి. మేస్త్రీకి ఒక పూట పని.

పెట్టె వీధి గదిలో వద్దు. వచ్చిపోయే వాళ్లకు కనిపించకూడదు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని చర్ల, దుమ్ముగూడెం వైపు ఒకప్పుడు "ఇంట్లో తుపాకీ ఉందని తెలిస్తే ఎవరైనా వచ్చి ఎత్తుకుపోతారు" అన్న భయం ఎలా ఉండేదో పెద్దవాళ్లకు తెలుసు. తుపాకీ ఉందన్న సంగతి ఎంత తక్కువ మందికి తెలిస్తే అంత భద్రత. తుపాకీతో ఫొటో దిగి వాట్సాప్ స్టేటస్ పెట్టడం అంటే దొంగకు అడ్రస్ ఇచ్చినట్టే.

వానాకాలం తుప్పు.. గోదావరి వరద

అడవి పక్కన వానాకాలంలో తేమ ఎక్కువ. గుడ్డ సంచి, తోలు కవర్ తేమను పీల్చుకుని తుపాకీకే అంటిస్తాయి. కవర్ తీసేసి, పలచగా గన్ ఆయిల్ రాసి, పెట్టెలో సిలికా జెల్ ప్యాకెట్లు వేయాలి. నెలకోసారి తీసి తుడవాలి. మందు కూరే తుపాకీ ఉన్నవాళ్లు ఆ మందును పొయ్యికి, దీపానికి దూరంగా, పొడిగా, విడిగా తాళంలో పెట్టాలి.

వరద వస్తే? భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 2022 జులైలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. అలాంటప్పుడు తాళం వేసిన ఖాళీ ఇంట్లో తుపాకీ వదిలినా, జనం కిక్కిరిసిన పునరావాస కేంద్రానికి తీసుకెళ్లినా రెండూ ప్రమాదమే. లోతట్టు ఊరు అయితే మొదటి హెచ్చరికకే పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసే విషయం మాట్లాడుకోవాలి. రసీదు తప్పనిసరిగా తీసుకోవాలి. లైసెన్స్ జిరాక్స్, తుపాకీ నంబర్ ఫోన్‌లో ఉంచుకోవాలి.

ఇంటికి తాళం వేసి ఊరెళ్లినా ఇదే పద్ధతి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు అధికారులు తుపాకీ అప్పగించమని ఆదేశిస్తే ఆలస్యం చేయొద్దు.

పోతే.. చనిపోతే..

తుపాకీ గానీ తూటాలు గానీ పోయినట్టు తెలిసిన వెంటనే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో చెప్పాలి. "రెండు రోజులు వెతికి చూద్దాం" అనుకుంటే ఆ రెండు రోజుల్లో ఏం జరిగినా మీ మెడకు చుట్టుకుంటుంది.

లైసెన్స్ ఉన్న పెద్దాయన కన్నుమూస్తే, ఆ తుపాకీని గుర్తుగా ఇంట్లో ఉంచుకోవడానికి వీల్లేదు. ఆయన లైసెన్స్ కొడుక్కి దానంతటదే రాదు. కుటుంబ సభ్యులు తుపాకీని స్టేషన్‌లోనో, డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి, కావాలంటే తమ పేరు మీద లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోవాలి.

చివరగా ఒక మాట. ఇంట్లో ఎవరైనా తాగుడుకు బానిసైనా, తీవ్రమైన మనోవేదనలో ఉన్నా ఎంత మంచి పెట్టె అయినా నమ్మొద్దు. ఆ రోజులు గడిచేదాకా తుపాకీని ఇంట్లోంచి బయటకు పంపడమే మేలు. క్షణికావేశానికి, తుపాకీకి మధ్య ఎంత దూరం ఉంటే ప్రాణానికి అంత భరోసా. ఈ రాత్రి పడుకునే ముందు ఒక్కసారి చూసుకోండి.. మీ ఇంట్లో తుపాకీ ఎక్కడుంది? దాని తాళం చెవి ఎవరి దగ్గరుంది?