నక్షత్ర పట్టిక వెనుక హైదరాబాదు

జూను ఆరంభమున అర్ధరాత్రి వేళ నరసరావుపేటలో దక్షిణమునకు తిరిగి నిలిచినచో, 50 డిగ్రీలకు పైగా ఎత్తున అనూరాధ నక్షత్రము కనిపించును. దాని చుట్టునున్న సన్నని చుక్కలను కంటితో చూడలేము. కాని ఆకాశమును చూపు కంప్యూటరు ప్రోగ్రాములు వానిని సరియైన చోటనే చూపుచున్నవి. ప్రోగ్రాముతో పాటు వచ్చిన నక్షత్ర పట్టికయే ఇందుకు ఆధారము. మరి ఆ పట్టికకు ఆధారమేమి?

1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళజ్ఞులు ఆకాశమునంతటిని ఛాయాచిత్రములు తీసి, నక్షత్రముల స్థానములను కొలువ నిశ్చయించిరి. పనిని సుమారు ఇరువది వేధశాలలు పంచుకొన్నవి. ఖగోళ మధ్యరేఖకు దక్షిణమున 17 నుండి 23 డిగ్రీల వరకుగల పట్టీ మొదట చిలీలోని శాంటియాగో వంతు. అచట పని సాగలేదు. నవాబు జఫర్ జంగ్ 1901లో స్థాపించగా, 1908లో నిజాం ప్రభుత్వము చేపట్టిన నిజామియా వేధశాలకు అది వచ్చినది. చాట్‌వుడ్, పోకాక్, అటుపై 1918 నుండి భాస్కరన్ ఆ పని నడిపిరి. గాజు ఫలకములపై చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి, చేతితో లెక్కగట్టి, సంపుటములుగా ప్రకటించిరి. అనూరాధలోని ముఖ్యతారలు కొన్ని ఈ పట్టీలోనివే.

అన్ని వేధశాలల కొలతలను అమెరికా నౌకాదళ వేధశాల తిరిగి గణించి, 1997లో 46 లక్షల నక్షత్రముల పట్టికగా కూర్చినది. 2000లో వెలువడిన టైకో–2 పట్టిక ఆ పాత స్థానములను, 1989–1993 నడుమ హిప్పార్కస్ ఉపగ్రహము కొలిచిన స్థానములతో పోల్చి, నక్షత్రముల చలనమును తేల్చినది. ఏటికి వికలలో పదవవంతు, అనగా డిగ్రీలో 36,000వ భాగము, జరుగు నక్షత్రము 1920 నుండి 1991 వరకు 7 వికలలు జరుగును. ఉపగ్రహ మెంత సూక్ష్మమైనదైనను, ఆ డెబ్బదియొక్క ఏండ్ల ఎడమును తాను కల్పించుకొనలేదు.

స్టెల్లేరియం అను ప్రోగ్రాము తన పూర్వపు కూర్పుల మార్గదర్శక గ్రంథమున టైకో–2 పేరు చెప్పినది. టైకో–2 కూర్చినవారు తాము వాడిన పాత పట్టికలను పేర్కొనిరి. ఆ దారి పట్టి హైదరాబాదు చేరవచ్చును. నడుమ ఒక్కరు పేరు వ్రాయకున్నను అంకెలు మిగులును, దారి తెగును.

ఇది మర్యాద మాత్రమే కాదు. ఒక చుక్క తప్పుచోట కనిపించినచో, దోషము ఫలకములోనిదా, కొలతలోనిదా, నకలు తీయుటలోనిదా అని తేల్చుటకు మూలము తెలియవలెను. కొలిచిన సంవత్సరము తెలియనిచో చలనమునే గణింపలేము. కనుక ప్రోగ్రాములు వ్రాయు విద్యార్థులు ప్రతి పట్టికతోను నాలుగు సంగతులు చేర్చుట మంచిది: మూలగ్రంథము పేరు, కూర్పు సంఖ్య, కొలిచిన కాలము, తాము చేసిన మార్పులు.