గగనతలం–భూతలం మధ్య డేటా సంబంధాలు: ఉత్తర తెలంగాణ అవసరాలు

(సమాచార వ్యాసం)

కరీంనగర్, ఆదిలాబాద్: ఆదిలాబాద్‌లో నిజాం కాలం నాటి విమాన క్షేత్రాన్ని పౌర విమాన సేవలకు వినియోగించేందుకు భారత వాయుసేన 2025 ఏప్రిల్‌లో సమ్మతి తెలిపింది. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో రామగుండం సమీపాన బసంత్‌నగర్‌లో పాత ఎయిర్‌స్ట్రిప్ ఉన్నది. రన్‌వే, టెర్మినల్‌లతో పాటు విమానానికీ నేలకూ మధ్య సమాచార సంబంధం కూడా అంతే ముఖ్యం. ఇందుకు సంబంధించిన అంశాలను పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం ఇక్కడ పొందుపరచడమైనది.

దూరం, ఎత్తు

పైలట్లు, కంట్రోలర్లు 118–137 మెగాహెర్ట్జ్ వి.హెచ్.ఎఫ్. రేడియోలో సంభాషిస్తారు. ఈ తరంగాలు దాదాపు సరళరేఖలో పయనిస్తాయి. శంషాబాద్ విమానాశ్రయం నుండి ఆదిలాబాద్ వాయుమార్గాన సుమారు 270 కిలోమీటర్లు. నేల చదునుగా, ఏంటెన్నా 30 మీటర్ల ఎత్తున ఉన్నట్లు భావిస్తే, ఆదిలాబాద్‌పై విమానం సుమారు 3,600 మీటర్ల ఎత్తులో ఉంటేనే సంకేతం అందుతుంది. కావున దిగే విమానానికి సమీపంలోనే భూకేంద్రం అవసరం.

మాట నుండి డేటాకు

ఒక ఫ్రీక్వెన్సీపై ఒకసారి ఒకరే మాట్లాడగలరు. రద్దీ పెరిగినకొద్దీ నిరీక్షణ, పొరపాటుగా వినే అవకాశం పెరుగుతాయి. ఈ కారణంగా ఆదేశాలను అక్షర రూపంలో పంపే సి.పి.డి.ఎల్.సి. విధానం వచ్చింది. వి.డి.ఎల్. మోడ్–2 సెకనుకు 31.5 కిలోబిట్ల వేగంతో డేటాను చేరవేస్తుంది. ఎ.డి.ఎస్.–బి. ద్వారా విమానం తన స్థానాన్ని 1090 మెగాహెర్ట్జ్‌పై తానే ప్రసారం చేస్తుంది. అత్యవసర ఆదేశాలకు మాత్రం వాక్కే ప్రధాన సాధనం.

డ్రోన్లు, వరద సమయం

డ్రోన్‌లో పైలట్ ఉండడు. డేటా సంబంధమే దాని పగ్గం. కనుచూపు మేర దాటి డ్రోన్లతో ఔషధాలు చేరవేసే ‘మెడిసిన్ ఫ్రమ్ ది స్కై’ 2021 సెప్టెంబర్ 11న వికారాబాద్‌లో ప్రారంభమైంది. ఆదిలాబాద్ ఏజెన్సీ కొండలు, అడవులు తక్కువ ఎత్తున ఎగిరే డ్రోన్ సంకేతాలకు అడ్డు వస్తాయి. మొబైల్ టవర్లపై ఆధారపడిన డ్రోన్‌కు, వరదలో విద్యుత్ నిలిచి టవర్ ఆగితే ఆ సంబంధం కూడా తెగుతుంది. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు విడుదల సామర్థ్యాన్ని మించి వరద వచ్చినప్పుడు దిగువ గ్రామాలను ఖాళీ చేయించవలసి వచ్చింది. అటువంటి వేళ సహాయక హెలికాప్టర్, డ్రోన్ ఒకే గ్రామంపై ఎగిరే అవకాశం ఉన్నది. చిన్న డ్రోన్లలో సాధారణంగా ఎ.డి.ఎస్.–బి. ప్రసారిణి ఉండదు. ఈ సమన్వయం కోసమే కేంద్రం 2021 అక్టోబర్‌లో డ్రోన్ ట్రాఫిక్ నిర్వహణ విధానాన్ని ప్రకటించింది.

గమనించవలసిన అంశాలు

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అవసరం లేదు. విమానాశ్రయ ప్రహరీ నుండి 8–12 కిలోమీటర్ల మధ్య ఈ పరిమితి 200 అడుగులు మాత్రమే. ఆదిలాబాద్‌లో విమానాలు ప్రారంభమైన నాడు పరిసర మండలాల డ్రోన్ పటం మారుతుంది. వర్షాకాలానికి ముందే సంకేతం అందని గ్రామాలను గుర్తించడం, రెండవ సమాచార మార్గాన్ని సిద్ధం చేయడం, సంబంధం తెగితే డ్రోన్ ఎక్కడికి మరలాలో ముందే నిర్ణయించడం, హెలికాప్టర్ వచ్చునపుడు డ్రోన్లను దించే బాధ్యత ఒక అధికారికి అప్పగించడం ప్రాణరక్షణకు అత్యావశ్యకములు.