అనధికార ధ్వనిముద్రణలు - శిక్షలు

అనధికార ధ్వనిముద్రణ అనగా హక్కుదారుల అనుమతి లేకుండా పాటను గాని, కచేరీని గాని రికార్డు చేయడం, లేదా అప్పటికే విడుదలైన రికార్డుకు నకళ్ళు తీయడం. వాడుకలో దీనిని పైరసీ అంటారు. భారతదేశంలో ఇటువంటి నకళ్ళను తయారుచేయడం, అమ్మడం కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం నేరం. హక్కుదారులు నష్టపరిహారానికి సివిల్ దావా వేయవచ్చు. దానితో నిమిత్తం లేకుండా నేరస్థులకు జైలుశిక్ష కూడా పడవచ్చు.

చరిత్ర

1957లో ఈ నేరానికి గరిష్ఠ శిక్ష ఒక సంవత్సరం జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కనీస శిక్ష నిర్ణయింపబడలేదు. తరువాత టేపు రికార్డర్లు, క్యాసెట్లు వ్యాపించి నకలు తీయడం సులభమైంది. అందువలన 1984 సవరణలో శిక్షను పెంచి, కనీస శిక్షను కూడా చేర్చారు. 1994 సవరణ గాయకులు, వాద్యకారులు మొదలగు ప్రదర్శకులకు ప్రత్యేక హక్కులు కల్పించింది. తత్ఫలితంగా కచేరీని రహస్యంగా రికార్డు చేసి అమ్మడం కూడా శిక్షార్హమైంది.

శిక్షలు

* సెక్షన్ 63: తెలిసి హక్కును ఉల్లంఘించినవారికి, అందుకు తోడ్పడినవారికి 6 నెలల నుండి 3 సంవత్సరాల జైలు, రూ. 50,000 నుండి రూ. 2 లక్షల జరిమానా.
* సెక్షన్ 63ఎ: రెండవసారి, ఆపైన నేరం రుజువైతే 1 నుండి 3 సంవత్సరాల జైలు, రూ. 1 లక్ష నుండి రూ. 2 లక్షల జరిమానా.
* సెక్షన్ 65: నకళ్ళు తీయడానికి అచ్చుపలకలు, మాస్టర్ రికార్డుల వంటివి తెలిసి తయారుచేసినా, దగ్గర ఉంచుకున్నా 2 సంవత్సరాల వరకు జైలు, జరిమానా.
* సెక్షన్ 68ఎ: రికార్డు మీద, దాని పెట్టె మీద తయారీదారు, హక్కుదారుల పేర్లు, చిరునామాలు, తొలి ప్రచురణ సంవత్సరం లేకుండా ప్రచురిస్తే 3 సంవత్సరాల వరకు జైలు, జరిమానా.

ఉల్లంఘన వ్యాపార లాభం కోసం కాకపోతే, న్యాయస్థానం తగిన ప్రత్యేక కారణాలను తీర్పులో పేర్కొని కనీస శిక్షను తగ్గించవచ్చు. 63వ సెక్షన్‌లో "తెలిసి" అనే మాట ముఖ్యమైనది. నకలు అని తెలియక అమ్మినవానికి ఈ శిక్ష వర్తించదు.

పోలీసుల అధికారాలు

సెక్షన్ 64 ప్రకారం సబ్-ఇన్‌స్పెక్టరు, ఆపై స్థాయి అధికారులు వారెంటు లేకుండానే నకళ్ళను, వాటి తయారీకి వాడిన పలకలను స్వాధీనం చేసుకొని మేజిస్ట్రేటు ముందు ఉంచవచ్చు. ఆ వస్తువులపై హక్కు ఉన్నవారు వాటిని తిరిగి పొందడానికి 15 రోజులలో దరఖాస్తు చేసుకోవాలి. సెక్షన్ 63 క్రింది నేరం నాన్-బెయిలబుల్ అని, వారెంటు లేకుండా అరెస్టు చేయదగినదని సుప్రీంకోర్టు 2022లో తీర్పునిచ్చింది. అనగా బెయిలు నిందితుని హక్కు కాదు, న్యాయస్థానం విచక్షణపై ఆధారపడుతుంది.

మినహాయింపులు

సొంత వినియోగానికి, పరిశోధనకు, విమర్శకు సమంజసమైన మేరకు వాడుకోవడం ఉల్లంఘన కాదు. ప్రచురితమైన తరువాతి సంవత్సరం మొదలుకొని 60 సంవత్సరాలు గడిస్తే ధ్వనిముద్రణపై కాపీరైట్ ముగుస్తుంది. అయితే అందులోని సాహిత్యానికి, సంగీతానికి హక్కులు వేరుగా ఉంటాయి. అవి రచయిత, స్వరకర్తల మరణానంతరం కూడా 60 సంవత్సరాలు కొనసాగుతాయి.

చలనచిత్రాలు

తెలుగు చిత్రం అత్తారింటికి దారేది 2013లో కొంత భాగం ముందే బయటకు పొక్కడంతో, అనుకున్న తేదీకంటే ముందుగా సెప్టెంబరు 27న విడుదలైంది. సినిమా హాలులో అనుమతి లేకుండా చిత్రాన్ని రికార్డు చేయడాన్ని సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రత్యేక నేరంగా పేర్కొంది. దీనికి శిక్ష 3 నెలల నుండి 3 సంవత్సరాల జైలు, కనీసం రూ. 3 లక్షల జరిమానా. ఈ జరిమానా చిత్ర నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకు ఉండవచ్చు.