ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో హద్దు తగాదాలు, దారి హక్కులు: చరిత్ర

ఇరుగుపొరుగు ఆస్తిదారుల మధ్య భూతగాదాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకరి భూమి ఎక్కడ ముగిసి మరొకరిది ఎక్కడ మొదలవుతుందన్నది హద్దు తగాదా. భూమి ఎవరిదో తేలిన తరువాత కూడా, దాని మీదుగా నడవడానికి, బండి తోలడానికి, నీరు పారించుకోవడానికి పక్కవారికి హక్కు ఉందా లేదా అన్నది ఈజ్‌మెంట్ తగాదా. కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో 1800 తరువాత జరిగిన సర్వేలు హద్దును రాయి మీదికి, కాగితం మీదికి ఎక్కించాయి. దారి హక్కు మాత్రం చాలావరకు వాడుకలోనూ, సాక్షుల జ్ఞాపకంలోనూ మిగిలిపోయింది. ఈ ప్రాంతపు వివాదాల చరిత్రను ఈ తేడాయే నడిపించింది.

నేల స్వభావం

ఈ ప్రాంతంలో నల్లరేగడి విస్తారంగా ఉంది. పత్తి, జొన్న, శనగ పండించే ఈ నేల వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. అందువల్ల నాటిన రాళ్లు కాలక్రమంలో ఒరుగుతాయి, కొన్ని మట్టిలో కూరుకుపోతాయి. చేల మధ్య గెనిమలను (గట్లను) ఏటా దున్నుతూ పోతే అవి సన్నబడతాయి. వంకలు పెద్ద వానలకు ఒడ్డు కోసుకుని దిశ మార్చుకుంటాయి. వంకనే హద్దుగా రాసుకున్న దస్తావేజుల్లో ఈ మార్పు తగాదాకు దారి తీస్తుంది. వానకాలంలో బండిబాట బురదగా మారితే బండ్లు పక్క చేలోకి జరిగి నడుస్తాయి. నాలుగేళ్లు అలా నడిస్తే అసలు బాట ఏదో చెప్పడం కష్టమవుతుంది.

సర్వేలకు ముందు

ధర్మశాస్త్రాలు సీమా వివాదాన్ని పద్దెనిమిది వ్యవహార పదాలలో ఒకటిగా చెప్పాయి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం ప్రకారం హద్దులో మర్రి, రావి వంటి దీర్ఘకాలం బతికే చెట్లు నాటాలి. బొగ్గు, ఊక, పెంకులు, ఎముకల వంటి తొందరగా చెడిపోని వస్తువులను నేలలో గుర్తులుగా పాతిపెట్టాలి. గుర్తులు బాగా కనిపించే జ్యేష్ఠ మాసంలో హద్దు తేల్చాలి. సాక్షులు తల మీద మట్టి పెట్టుకుని, ఎర్రని బట్టలు కట్టుకుని, ప్రమాణం చేసి హద్దు చూపాలి. పైరు లేని వేసవిలోనే కొలతలు పెట్టుకోవడం నేటికీ రైతుల ఆనవాయితీ.

కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాశాడు. అందులోనూ సీమా వివాదానికి ప్రత్యేక ప్రకరణం ఉంది. 13వ శతాబ్దంలో కేతన దానిని విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. దానశాసనాలలో భూమికి నాలుగు దిక్కులా హద్దులు చెప్పే పద్ధతి ఆ కాలానికి ముందే వాడుకలో ఉంది. నేటి దస్తావేజుల్లోని చెక్కుబంది దానికి కొనసాగింపే.

ఆదోని విజయనగర పాలన తరువాత బీజాపూరు సుల్తానుల చేతికి, ఆపై మొగలులకు, నిజాముకు దక్కింది. 1786లో టిప్పు సుల్తాను కోటను పట్టుకున్నాడు. పాలకులు మారినా ఊరి స్థాయిలో హద్దు చెప్పేవారు రెడ్డి, కరణం, తలారి, పెద్ద రైతులే. లెక్క కరణం దగ్గర ఉండేది. పొలిమేర గుర్తులు తలారికి తెలిసి ఉండేవి.

మన్రో కొలతలు

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకోవడంతో ఇది దత్తమండలాలలో భాగమైంది. ప్రధాన కలెక్టర్‌గా 1807 దాకా పనిచేసిన థామస్ మన్రో 1802లో పొలం పొలానికీ కొలతలు మొదలుపెట్టించాడు. 33 అడుగుల గొలుసుతో కొలిచారు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట, అంటే 1,089 చదరపు అడుగులు. 40 గుంటలు ఒక ఎకరం.

ఈ సర్వే ఉద్దేశం శిస్తు నిర్ణయం. ప్రతి చేనుకూ విస్తీర్ణం, నేల తరం, శిస్తు రాశారు తప్ప, ఒక చేనికీ మరో చేనికీ మధ్య గీతను తరువాతి కాలంలో తిరిగి నిలబెట్టగల పటాలు తయారు చేయలేదు. అయినా చేనుకు ఒక సంఖ్య, ఒక పట్టాదారు అన్న రైత్వారీ పద్ధతి హద్దు తగాదా రూపాన్ని మార్చింది. అంతకు ముందు ఊరి పెద్దలు తీర్చే తగాదా, ఇప్పుడు శిస్తు లెక్కతో ముడిపడి కచేరీకి చేరింది.

1876–78 నాటి గొప్ప కరువు అప్పటి బళ్లారి జిల్లాను, అందులోని ఆదోని తాలూకాను తీవ్రంగా దెబ్బతీసింది. జనం చనిపోయి, వలసపోయి, చేలు బీడు పడిన చోట గెనిమలు చెరిగిపోయాయి.

రాయి, పటం, చట్టం

మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో సర్వే శాఖ ఏర్పడింది. హద్దురాళ్ల గురించి 1860లో చట్టం వచ్చింది. తరువాత 1897లో, చివరగా 1923లో సర్వే, హద్దుల చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో నేటికీ ఆధారం ఈ 1923 నాటి 8వ చట్టమే.

దాని ప్రకారం తగాదా లేని హద్దును సర్వే అధికారి 9వ సెక్షన్ కింద నమోదు చేస్తాడు. తగాదా ఉంటే 10వ సెక్షన్ కింద ఇరువైపులా విని, కారణాలు రాసి, హద్దు నిర్ణయిస్తాడు. దానిపై అప్పీలు చేసుకోవచ్చు. సర్వే పూర్తయినట్టు 13వ సెక్షన్ కింద ప్రకటన వెలువడ్డాక ఆ రికార్డే తిరుగులేని రుజువు. నచ్చనివారు 14వ సెక్షన్ కింద మూడేళ్లలోపు సివిల్ కోర్టుకు వెళ్లాలి. రాళ్లను కాపాడుకునే బాధ్యతను కూడా చట్టం పట్టాదారు మీదనే పెట్టింది. ప్రభుత్వం నాటిన హద్దురాయిని పీకడం 1860 నాటి భారత శిక్షాస్మృతిలోనే నేరమైంది.

ఈ సర్వేల నుంచే ప్రతి సర్వే నంబరుకూ క్షేత్ర కొలతల పుస్తకం, అంటే ఎఫ్‌.ఎం.బి., వచ్చింది. చేనులో అడ్డంగా ఒక కొలత గీత వేసి, దాని నుంచి ప్రతి మూలకూ దూరం గొలుసు లింకులలో రాసేవారు. రాయి పోయినా, చుట్టుపక్కల రెండు మూడు రాళ్లు నిలిచి ఉంటే పోయిన దాని స్థానాన్ని తిరిగి కట్టవచ్చు. మన్రో కొలతల్లో లేని ఈ వీలే ఎఫ్‌.ఎం.బి. గొప్పతనం. అయితే అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్న భాగాలు అందులోకి ఎక్కవు. సబ్‌డివిజన్ చేయించకపోతే కాగితం మీద ఒకే చేనుగా ఉన్నది నేల మీద నాలుగు ముక్కలుగా ఉంటుంది. హద్దు తగాదాలలో ఎన్నో ఇక్కడే పుడతాయి.

గ్రామకంఠాలది మరో కథ. ఇళ్లున్న స్థలాన్ని ఒకే ముక్కగా కొలిచి వదిలేయడంతో ఇంటింటి హద్దుకు ఎఫ్‌.ఎం.బి. లేకుండా పోయింది. అక్కడ పాత గోడ, దస్తావేజులోని చెక్కుబంది, సాక్షులే ఆధారం. విస్తీర్ణానికీ నాలుగు హద్దులకూ పొంతన కుదరనప్పుడు, స్పష్టంగా చెప్పిన హద్దులకే విలువ ఎక్కువన్నది కోర్టులు సాధారణంగా పాటించే సూత్రం.

1882 ఈజ్‌మెంట్ల చట్టం

భారత ఈజ్‌మెంట్ల చట్టం 1882 జూలై 1న మొదట మద్రాసు ప్రెసిడెన్సీ, సెంట్రల్ ప్రావిన్సెస్, కొడగులలో అమలులోకి వచ్చింది. కనుక ఆదోని తాలూకాకు ఇది తొలి రోజు నుంచే వర్తించింది. ఈ ప్రాంతపు తగాదాలలో తరచుగా ముందుకు వచ్చే సూత్రాలు ఇవి:

అవసరపు దారి: ఒకే భూమిలో కొంత భాగాన్ని అమ్మినప్పుడో, దాన్ని పంచుకున్నప్పుడో ఒక ముక్కకు వేరే దారి లేకపోతే, మిగిలిన ముక్క మీదుగా దారి హక్కు పుడుతుంది (13వ సెక్షన్). దారి ఎటు నుంచో చూపే అధికారం దారి ఇచ్చేవారిది, కానీ అది నడిచేవారికి తగినంత అనుకూలంగా ఉండాలి. వేరే దారి దొరికి అవసరం తీరితే ఈ హక్కు పోతుంది.

అనుభవంతో వచ్చే హక్కు: బహిరంగంగా, శాంతియుతంగా, హక్కుగా, అడ్డంకి లేకుండా 20 ఏళ్లు వాడితే దారి హక్కు స్థిరపడుతుంది (15వ సెక్షన్). ప్రభుత్వ భూమి విషయంలో 30 ఏళ్లు. పక్కవారు అనుమతించగా నడిచినది ఎన్నేళ్లయినా హక్కు కాదు.

వాడుక పరిమితి: ఒక రకపు దారి హక్కులో మరో రకం ఇమిడి ఉండదు (28వ సెక్షన్). కాలినడక దారిలో బండి తోలలేరు. ట్రాక్టర్లు, కోత యంత్రాలు వచ్చాక ఈ నియమానికి ప్రాధాన్యం పెరిగింది.

సహజ ప్రవాహం: ఎగువ చేని వాననీరు సహజంగా దిగువ చేనులోకి పారడం భూమితో పాటు వచ్చే హక్కు. దిగువ రైతు గట్టు ఎత్తు చేసి నీటిని వెనక్కి తోస్తే తగాదా.

1953 తరువాత

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చాయి. అంతకు ముందరి దస్తావేజులలో, సర్వే రికార్డులలో జిల్లా పేరు బళ్లారిగానే ఉంటుంది. హైకోర్టు మద్రాసు నుంచి 1954లో గుంటూరుకు, 1956లో హైదరాబాదుకు, 2019లో అమరావతికి మారింది. చట్టం మాత్రం మద్రాసు కాలం నాటిదే కొనసాగింది.

తుంగభద్ర దిగువ కాలువ ఈ మెట్ట నేలలకు నీటిని తెచ్చింది, దానితో పాటు కొత్త తరహా తగాదాలనూ తెచ్చింది. తూము నుంచి చివరి చేనుకు నీరు చేరాలంటే పిల్లకాలువ పైవారి పొలాల గుండా పోవాలి. దానిని పూడ్చినా, దున్నినా కింది చేను ఎండుతుంది. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం కింద ఏర్పడిన నీటి సంఘాలకు ఇటువంటి తగవులు తీర్చే బాధ్యత అప్పగించారు.

1984లో గ్రామాధికారుల పదవులు రద్దయ్యాయి. కరణం కుటుంబంతో పాటు తరతరాలుగా సాగిన స్థల జ్ఞానం కూడా తెగిపోయింది. 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టం హక్కుల నమోదుకు దారి చూపినా, సాగు లెక్క అయిన అడంగల్‌లో గానీ 1-బి హక్కుల రిజిస్టరులో గానీ పక్కవారి చేనుపై ఉన్న దారి హక్కు రాసే పద్ధతి రాలేదు.

పట్టణాలలో

ఆదోని పత్తి వ్యాపారంతో, జిన్నింగ్, నూనె మిల్లులతో పెరిగింది. ఎమ్మిగనూరు చేనేతతో, 1938లో మాచాని సోమప్ప స్థాపించిన నేతకారుల సహకార సంఘంతో పేరు తెచ్చుకుంది. పాత పేటల్లో మట్టి మిద్దెలు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఉమ్మడి గోడ మీద దూలం పెట్టడం, మిద్దె తూము నీరు పక్క స్థలంలో పడటం, సందులో మురుగు కాలువ ఇక్కడి తగాదాల ముఖ్య విషయాలు. గుంట మగ్గం ఉన్న ఇంటికి వెలుతురు జీవనాధారం. పక్కవారు ఎత్తుగా కట్టి కిటికీ మూస్తే 20 ఏళ్ల అనుభవం చూపి కోర్టుకు వెళ్లవచ్చు. కాని వెలుతురు కొంత తగ్గిందంటే చాలదు, గణనీయమైన నష్టం రుజువు చేయాలి. పట్టణ శివారు పొలాలు ప్లాట్లుగా మారినచోట పాత బండిబాటలు కొత్త ప్రహరీలకు అడ్డుపడతాయి.

పరిష్కార మార్గాలు

మొదటి మెట్టు ఇప్పటికీ ఊరి పెద్దల పంచాయితీ. కొలతలు కావాలంటే ఎఫ్‌-లైన్ దరఖాస్తు పెడితే ప్రభుత్వ సర్వేయరు ఇరుపక్షాలకు నోటీసిచ్చి రాళ్లు చూపుతాడు. 2019 నుంచి గ్రామ సచివాలయాలలో సర్వేయర్లు ఉన్నారు. శాంతిభద్రతల ముప్పు ఉంటే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు జోక్యం చేసుకోవచ్చు. హక్కు తేలాలంటే సివిల్ కోర్టే గతి. కోర్టు అడ్వకేట్ కమిషనరును నియమించి, సర్వేయరు సాయంతో స్థలం కొలిపిస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీపడితే ఆ అవార్డు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. రోజూ ఎదురుపడే పొరుగువారికి ఈ దారి మేలు.

పునఃసర్వే

2020 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం డ్రోన్లు, ఉపగ్రహ ఆధారిత స్థిర కేంద్రాలతో సమగ్ర భూసర్వే ప్రారంభించింది. సర్వే పూర్తయిన గ్రామాలలో సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌.పి.ఎం. (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అదే ఏడాది కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం గ్రామకంఠాల ఇళ్ల హద్దులను పటానికి ఎక్కించే ప్రయత్నం. ఒకే ఎల్‌.పి.ఎం.లో పలువురి భూములు కలిసిపోవడం, విస్తీర్ణంలో తేడాలు రావడంపై రాష్ట్రంలో పెద్ద ఎత్తున ఫిర్యాదులు వచ్చాయి. సివిల్ కోర్టుల పరిధిని కుదిస్తుందంటూ న్యాయవాదులు వ్యతిరేకించిన రాష్ట్ర భూహక్కుల (ల్యాండ్ టైట్లింగ్) చట్టం 2024లో రద్దయింది.

కొత్త పటం హద్దును సెంటీమీటర్లలో చూపగలదు. ఆ హద్దు దాటి నడిచే హక్కు ఎవరికి ఉందో మాత్రం చూపదు. అందువల్ల ఈజ్‌మెంట్ విషయంలో బలమైన రక్షణ దస్తావేజే. భాగపరిష్కారంలో గానీ క్రయపత్రంలో గానీ దారి ఎటు నుంచి, ఎన్ని అడుగుల వెడల్పు, నడకకా బండికా, నీటికా అన్నది స్పష్టంగా రాసి, పటం జతచేసి రిజిస్టరు చేయించుకుంటే తరువాతి తరం సాక్షుల కోసం వెతుక్కోవలసిన అవసరం ఉండదు.